కేకల నడుమ కావలి

లోకములో మఱి యే తావుననైనను మనుష్యుడు కెవ్వున కేక వేసినచో ఇరుగుపొరుగువారు చేతిలోని పని విడిచి పరుగెత్తి వత్తురు. వీధిలోనైనను, పొలముగట్టుననైనను, రైలుపెట్టెలోనైనను ఆ కేకకు అర్థము ఒక్కటే. కాని నగరముల పొలిమేరలలో వెలసిన వినోదవనములలో ఆ కేకయే అమ్మకపు సరకు. ప్రవేశద్వారము కడ వేయి రూపాయలకు మించిన మూల్యము చెల్లించి లోనికి పోవువారు భయపడుటకే పోవుచున్నారు. గొంతు చించుకొని అఱచుటకే ఎండలో బారులు తీరి నిలుచుచున్నారు. ఎంత గట్టిగా అఱచిన అంత సొమ్ము గిట్టినదని సంతసించుచున్నారు. అట్టి చోట, ఆర్తనాదమునకును ఆనందనాదమునకును భేదము తెలియరాని చోట, నిజమైన ఆపదను కనిపెట్టి ఆదుకొనుటయే జీవనవృత్తిగా గలవాడొకడు ఉన్నాడు. కాగితములమీద పారామెడిక్ అనియు, తోటివారి నోట ఈఎంటీ అనియు, వచ్చిపోవు జనుల నోట డాక్టర్ సార్ అనియు, స్త్రీ యైనచో సిస్టర్ అనియు పిలువబడు ఆ వ్యక్తి ఉండు గది యెచ్చటనో, ఆ వనమున తిరుగు వేలమందిలో ఎఱిగినవారు మిక్కిలి అరుదు. ఎఱుగవలసిన అవసరము రానంతకాలము అది వారి అదృష్టమే.

ఈ వృత్తిలో మొదటి పాఠము చెవికి సంబంధించినది. దినమంతయు వీనులలో మ్రోగుచుండు వేల కేకలలో దేనిని విడువవలెనో, దేనికి లేవవలెనో ఏ పుస్తకమును నేర్పదు. రైడు నిలిచిన పిదప కూడ ఆగని కేక ఒకటి. అందఱును అఱచుచుండగా ఒక ఆసనమునుండి మాత్రము వినరాని కేక మఱియొకటి. అనుభవశాలియైన ఈఎంటీ ఈ రెంటికి లేచి నిలుచును. తక్కిన కోలాహలమంతయు అతనికి సముద్రతీరవాసికి అలల హోరు వంటిది.

హైదరాబాదు వాసులకు వెలయిచ్చి భయమును కొనుట నిన్న మొన్నటి అలవాటు కాదు. 1938లో బాగె ఆంలో ఆరంభమై, 1946 నుండి నాంపల్లి మైదానమున స్థిరపడి, జనవరి మొదటి తేదీన ద్వారములు తెఱచు సంప్రదాయము గల నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి కన్నులు మూసికొన్నవారును, మృత్యుకూపము అంచున నిలిచి గోడవెంట పరుగెత్తు మోటారుసైకిలును చూచి గుండె చిక్కబట్టుకొన్నవారును తరతరములుగా ఈ నగరమున గలరు. పల్లెలలో తిరునాళ్లకు వచ్చు రంగులరాట్నము సంగతి చెప్పనక్కఱలేదు. దానిని త్రిప్పువాడే దానికి ఇంజనీరు, వాడే వైద్యుడు. తల తిరిగిన పిల్లవాని ముఖమున నీళ్లు చల్లి, గోలీసోడా కొట్టి త్రావించి, తల్లి చేతికి అప్పగించి, మరల రాట్నము చేతబట్టుకొనెడివాడు. ఆ కాలము మాఱినది. ఢిల్లీలో 1984లో అప్పుఘర్, ముంబయి తీరమున 1989లో ఎస్సెల్‌వరల్డ్, కొచ్చిలో 2000లో నేటి వండర్లా సంస్థవారి తొలి వనము వెలసినవి. ఆ సంస్థయే 2016లో మన రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు సమీపమున, తన హైదరాబాదు వనమును తెఱచినది. యంత్రములు పెరిగినవి, ఎత్తులు పెరిగినవి, వేగములు పెరిగినవి. గోలీసోడాతో తీరని అవసరములును పెరిగినవి.

ఆ అవసరమును తీర్చు మనుష్యులు మన ప్రాంతమున తయారగుటకు మూలము 108 అను మూడంకెల సంఖ్య. అంతకుముందు మనకు అంబులెన్సు అనగా రోగిని ఆసుపత్రికి చేరవేయు బండి మాత్రమే. దారిలో రోగి ప్రాణము దైవాధీనము. ఇతరదేశములలో ఈ భావము మాఱుట 1960ల దశకమున మొదలైనది: బెల్‌ఫాస్ట్ నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను హృద్రోగవైద్యుడు గుండెకు విద్యుదాఘాతము నిచ్చు యంత్రమును 1966లో బండి నెక్కించి రోగి యింటికే పంపెను; అమెరికాలోని పిట్స్‌బర్గులో 1967లో ఆరంభమైన ఫ్రీడం హౌస్ సేవ, పనిపాటలు దొరకని నల్లజాతి యువకులకు పీటర్ సఫర్ అను వైద్యుని పర్యవేక్షణమున కఠినశిక్షణ యిప్పించి, వైద్యుడు కానివాడును దారిలో ప్రాణము నిలుపగలడని లోకమునకు చూపెను. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15న 108 సేవ ప్రారంభమైన నాటినుండి బండి నడుపువాడు పైలట్, వెనుక రోగిప్రక్కన కూర్చుండువాడు ఈఎంటీ అయిరి. నల్లగొండ, మహబూబ్‌నగర్, గుంటూరు, శ్రీకాకుళము మొదలగు జిల్లాల పల్లెలనుండి వచ్చిన పిల్లలు రహదారులమీద, రైలుకట్టలమీద, పురుడు పోయుటకు వ్యవధి చాలని బండ్లలో ఆ విద్య నేర్చిరి. అట్టివారిలో కొందఱు నేడు కర్మాగారములలోను, విమానాశ్రయములలోను, ఈ వినోదవనములలోను కొలువు చేయుచున్నారు.

బండిలో పని చేసిన ఈఎంటీకి ఈ వనములోని పని సుఖమని పైకి తోచును. రక్తపుమడుగులు లేవు, అర్ధరాత్రి పిలుపులు లేవు. కాని ఆ రెంటికిని ఒక గొప్ప భేదము కలదు. 108కి ఫోను చేసినవాడు తాను ఆపదలో ఉన్నానని ఒప్పుకొన్నవాడు. ఇచ్చట వచ్చువాడు తనకేమియు కాలేదని వాదించుటకే వచ్చును. టికెట్టు కొన్నాడు, పిల్లలు ఎదురు చూచుచున్నారు, ఇంకను సగము రైడ్లు మిగిలియున్నవి, పడిపోయినానని ఒప్పుకొనుట నలుగురిలో తలవంపు. కావున రోగిని రోగి యని నమ్మించుట ఇచ్చటి చికిత్సలో మొదటి మెట్టు.

వేసవిసెలవులలో ఒక వనమునందలి ఫస్ట్ ఎయిడ్ గదిలో ఒక పూట కూర్చుండుటకు, పేరు వెల్లడింపనను మాటమీద, నాకు అనుమతి దొరకినది. రెండు మంచములు, ఒక ప్రాణవాయువు సిలిండరు, మూలన నిలువబెట్టిన పసుపుపచ్చని స్పైన్ బోర్డు, మెడకు తొడుగు కాలర్లు, గాజుతలుపుల బీరువాలో కట్టుబట్టలు, ఓఆర్ఎస్ పొట్లములు, బల్లమీద నిరంతరము గొణుగుచుండు వాకీటాకీ, దాని ప్రక్కన ఒక లావుపాటి రిజిస్టరు. ఆ పూట గదిలోనికి వచ్చినవారిలో అధికసంఖ్యాకులు అల్పబాధలవారే: జాఱుడుబల్లపై మోచేయి గీసికొన్న కుఱ్ఱవాడు, క్లోరిన్ నీటికి కన్నులెఱ్ఱబడిన కాలేజీ పిల్ల, చెప్పులు విడిచి నీళ్లలోనికి దిగవలెనను నియమముచే మండుటెండలో బండలమీద నడచి అరికాళ్లు బొబ్బలెక్కిన గృహిణి, గుండ్రముగా తిరుగు రైడు దిగి వాంతి చేసికొని సిగ్గుపడుచున్న నూతన వరుడు. చెవిలోపలి కుల్యలలో ఊగులాడు ద్రవము దేహము తిరుగుచున్నదని చెప్పుచుండ, ముందరి ఆసనముపై నిలిచిన కన్ను తిరుగుట లేదని చెప్పుచుండ, రెండు సాక్ష్యములకును పొత్తు కుదురక మెదడు కడుపుపై తీర్పు చెప్పుటచే ఈ వాంతి కలుగును. దూరమున కదలని వస్తువును చూచుచు, నీడలో కూర్చుండి, కొంచెము కొంచెముగా నీరు త్రాగుటకు మించిన మందు దీనికి అక్కఱలేదు.

మధ్యాహ్నము రెండు గంటల వేళ తెల్లని పంచె, తడిసిన బనియను ధరించిన ఒక వృద్ధుని లైఫ్‌గార్డు రెక్కబట్టి తోడ్కొని వచ్చెను. గదిలో నున్న ఈఎంటీ ఇరువదియైదేండ్లు దాటని అమ్మాయి.

"ఏం గాలే బిడ్డా, జెర కండ్లు తిరిగినయ్, గంతే. మనుమడు ఆడ ఎదురుసూస్తుండు, పోనియ్యి."

"పోదురుగని తాతా, ముందుగాల్ల కూసోండ్రి. పొద్దుగాల ఏం తిన్నరు?"

"ఏం తినలే. బస్సు ఐదింటికే వచ్చె. షుగరు గోలీ మాత్రం మర్వకుండ ఏసుకున్న."

ఈ మాట ముగియకముందే ఆమె అతని వ్రేలికొన సూదితో గ్రుచ్చి నెత్తుటిచుక్క తీసెను. యంత్రము 54 అని చూపెను. 70కి దిగువన చక్కెర పడిపోయినచో చెమటయు, వణకును, కన్ను చీకటియు కలుగును. ఇంకను దిగజాఱినచో స్మృతి తప్పును. మెలకువ గలవానికి పదునైదు గ్రాముల చక్కెరను నోటనిచ్చి పదునైదు నిమిషములకు మరల పరీక్షింపవలెననియు, స్మృతి తప్పినవాని నోట ఏదియు పోయరాదనియు శాస్త్రము. తాత గ్లూకోజు నీళ్లు త్రాగి, బిస్కట్టులు తిని, కొంతసేపటికి తేఱుకొని, కోడలు వచ్చువఱకు మంచముపై కూర్చుండుటకు సమ్మతించెను. ఆ గదిలోనికి రాక, మనుమని కొఱకు తల విదల్చుకొని మరల మెట్లెక్కినచో ఏమయ్యెడిదో ఊహించుట కష్టము కాదు. ఏమయ్యెనని కాక ఏమి తింటివని అడుగుట చూచితిరా, ఆ ప్రశ్నలోనే ఆమె విద్య యంతయు ఉన్నది.

మన వేసవిలో ఈ వృత్తికి పరమశత్రువు ఎండ. నీటిలో తడిసియున్నవానికి వడదెబ్బ యేమని చాలమంది భ్రమపడుదురు. చెమట ఆవిరియై పోయినగాని దేహము చల్లబడదు. జనసమ్మర్దముతోను నీటితుంపరలతోను గాలి తేమయెక్కియున్న చోట ఆ చెమట ఆఱదు. ఈదుచున్నవాడు తనకు చెమట పట్టుచున్నదను ఎఱుకయే లేక దాహము గుర్తింపడు. తలనొప్పి, కండరముల కొంకర్లు, వికారము అను చిన్న గురుతులతో మొదలైన ఈ వికృతి, దేహాంతరోష్ణము 40 డిగ్రీలు దాటి మాట తడబడు దశకు వచ్చెనా, ప్రాణాంతకమగును. అప్పుడు చేయవలసినది రోగిని బండిలో వేసికొని పరుగెత్తుట కాదు. ఉన్నచోటనే చల్లబఱచుట, ఆ పిదపనే తరలించుట. మంచునీటిలో కంఠమువఱకు ముంచుట అన్నిటికంటె శ్రేష్ఠము. అది సాధ్యము కానిచో తడిగుడ్డలు కప్పి గాలి విసరుట, చంకలలోను మెడప్రక్కలను మంచుగడ్డలుంచుట. మన రహదారులమీద పడిపోయిన కూలివానికి ఈ చికిత్స చేయుటకు బిందెడు చల్లని నీరు దొరకదు. వినోదవనమున ఎచ్చట చూచినను నీరే. ఈ ఒక్క విషయమున ఆ ఈఎంటీ ఆసుపత్రి వైద్యునికంటె భాగ్యవంతుడు.

యంత్రములవలన కలుగు అపాయములు జనులు భయపడునంత తఱచుగా సంభవింపవు. దానికి కారణము పూర్వులు పడిన పాట్లు. 1884లో న్యూయార్కు సమీపమున కోనీ ఐలండులో లామార్కస్ థామ్సన్ కట్టిన తొలి కొండరైలు గంటకు సుమారు ఆఱు మైళ్ల వేగముతో నడచినది. నేడు దానిని ఎక్కుటకు పిల్లలు కూడ నవ్వుదురు. ఆ కోనీ ఐలండుననే 1895లో ఫ్లిప్ ఫ్లాప్ అను రైలుకు పరిపూర్ణవృత్తాకారపు చుట్టు వేసిరి. వృత్తమున ప్రవేశించినంతనే దేహభారమునకు పండ్రెండు రెట్ల ఒత్తిడి మెడపై పడెడిదని చెప్పుదురు. ఎక్కినవారు మెడలు పట్టుకొని దిగిరి. చూచువారే కాని ఎక్కువారు లేకపోయిరి. ఎనుబదేండ్ల పిదప 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ అను జర్మను ఇంజనీరు లెక్కలు కట్టిన రైలులో ఆ చుట్టు నీటిబొట్టు ఆకారమును దాల్చెను. క్రింద విశాలమై పైన ఇఱుకైన ఆ వక్రమున ఒత్తిడి క్రమక్రమముగా పెరిగి క్రమక్రమముగా తగ్గును. ఆ వంపును గీచిన ఇంజనీరు కలము తప్పించిన మెడనొప్పులు ఎన్ని వేలో!

ఐనను దేహములన్నియు ఒక్కటి కావు. జర్మనీలోని మాన్‌హైమ్ వైద్యులు 2005లో ఒక వేగవంతమైన కొండరైలు ఎక్కినవారికి యంత్రములు తగిలించి చూడగా, నిమిషమునకు 91గా నున్న సగటు గుండెదడ 153కు చేరినది. ఆరోగ్యవంతునికి అది తట్టుకొనదగినదే. రక్తనాళములు మూసికొనిపోయినవానికి అట్లు కాదు. అందుకే ద్వారము కడ పలక కట్టుదురు: గుండెజబ్బు, వెన్నునొప్పి, గర్భము గలవారు ఎక్కరాదని. ఆ పలకకు ఆనుకొని ఫోటో దిగినవారిని చూచితిని గాని దానిని చదివినవారిని చూడలేదు. ఒక ఉపాఖ్యానము: ఫ్లోరిడాలోని డిస్నీ వనమున కొండరైలు దిగగానే మూత్రపిండములోని రాళ్లు పడిపోయినవని రోగులు చెప్పగా విని, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ వార్టింజర్ అను వైద్యుడు కృత్రిమ మూత్రపిండములో రాళ్లునుంచి, దానిని సంచిలో పెట్టుకొని ఆ రైలెక్కి పరీక్షించెను, ముందరి ఆసనములలో నూటికి సుమారు 17 రాళ్లు, వెనుక ఆసనములలో 64 రాళ్లు జాఱినవి. 2016లో ప్రకటించిన ఈ పరిశోధనకు 2018లో హాస్యపూరితమైన ఇగ్ నోబెల్ బహుమతి వచ్చినది. ఈ కథ చెప్పగా ఆ ఈఎంటీ అమ్మాయి నవ్వి, "సార్, ఇది పేపర్ల రాయకుండ్రి, రేపట్నించి మా దగ్గర లైను కడతరు" అనెను. వ్రాసితిని; వైద్యుని అడుగక ఎవ్వరును లైను కట్టవలదని ఆమె తరఫున మనవి.

నీటి సంగతి వేఱు. సినిమాలలో మునిగిపోవువాడు చేతులెత్తి రక్షింపుడని కేకలు వేయును; నిజముగా మునుగువానికి నోరు నీటిమట్టమున ఉండి ఊపిరికే చాలదు, కేకకు ఎక్కడ చాలును? చేతులు పైకి లేవవు. ప్రక్కలకు చాపి నీటిని క్రిందికి అదుముచుండును. పసిబిడ్డలు ఒక నిమిషములోపుననే, తల్లికి నాలుగడుగుల దూరమున, నిశ్శబ్దముగా క్రుంగిపోవుదురు. కృత్రిమతరంగములు లేచు వేవ్ పూల్‌లో నూర్లకొలది తలల నడుమ దీనిని కనిపెట్టుట దుష్కరము. కావుననే తన భాగమును పది సెకండ్లలో ఒకమాఱు కన్నులతో కలియజూచి, ఇరువది సెకండ్లలో మునుగువానిని చేరవలెనని లైఫ్‌గార్డులకు అంతర్జాతీయముగా ప్రచారమునందున్న ఒక నియమము. గట్టునకు చేర్చినంతనే ఈఎంటీ పని మొదలగును. గుండె తనంతట ఆగినవానికి మొదట రొమ్ము నొక్కుదురు. నీట మునిగినవానికి ప్రాణవాయువు అందక గుండె ఆగినది గాన మొదట ఊపిరి పోయుదురు. ఇంతలో బంధువులు క్రమ్ముకొని, తలక్రిందులు చేయుడు, కడుపు నొక్కి నీళ్లు కక్కింపుడు అని గోలచేయుదురు; అట్లు నొక్కినచో కడుపులోని పదార్థము ఊపిరితిత్తులలోనికి పోయి బ్రతుకవలసినవాడు చచ్చును. నా దృష్టిలో ఈ వృత్తిలో కష్టతరమైనది రోగిని పట్టుట కంటె ఈ బంధువులను ఆపుట.

ఫిట్స్ వచ్చినవాని చుట్టును ఇదే దృశ్యము. ఒకడు తాళపుచెవుల గుత్తిని అరచేతిలో క్రుక్కును; ఒకడు పండ్లనడుమ చెంచా దూర్చును; మఱియొకడు ఉల్లిపాయకై హోటలునకు పరుగిడును. ఇనుమునకును మూర్ఛకును ఏ సంబంధమును లేదు. చాలవఱకు మూర్ఛలు కొద్ది నిమిషములలో తమంతట ఆగునవే గాన ఆ కీర్తి తాళపుచెవులకు దక్కుచున్నది. ఈఎంటీ చేయునది స్వల్పము: చుట్టునున్న కఠినవస్తువులను తొలగించి, తలక్రింద మెత్తనిదేదైన నుంచి, గడియారము చూచి, కుదుపులు తగ్గినంతనే ప్రక్కకు ఒత్తిగిలజేయుట, ఐదు నిమిషములు దాటినచో మందు, ఆసుపత్రి.

వైద్యమునకును వినోదవనమునకును గల సంబంధమును తలచునపుడు కోనీ ఐలండు కథ ఒకటి చెప్పక తప్పదు. నెలలు నిండక పుట్టిన శిశువులు దక్కరని అమెరికా ఆసుపత్రులు చేతులు ముడుచుకొన్న దినములలో, మార్టిన్ కూనీ అను ఐరోపీయుడు 1903 నుండి 1943 వఱకు నలుబదేండ్లు ఏటేట వేసవిలో ఆ వినోదతీరమున గాజుపెట్టెలలో ఆ శిశువులను పెంచి, పాతిక సెంట్ల టికెట్టు పెట్టి జనులకు ప్రదర్శించెను. ఒక ప్రక్క గారడివారు, ఒక ప్రక్క కొండరైళ్లు, నడుమ వేడియైన పెట్టెలలో అరచేతి పొడవు మనుష్యులు! నర్సు తన వ్రేలి ఉంగరమును శిశువు మణికట్టునకు తొడిగి దాని చిన్నతనమును చూపెడిది. తల్లిదండ్రులవద్ద ఒక కాసు పుచ్చుకొనలేదు. ఖర్చంతయు టికెట్ల డబ్బుతోనే గడచినది. పాలిచ్చు దాదులకు మంచి భోజనమును పెట్టించెను. 1911 మే నెలలో డ్రీమ్‌లాండ్ వనము తగులబడినపుడు శిశువులందఱిని క్షేమముగా వెలికి తెచ్చిరి. సుమారు 8,000 మంది శిశువులను స్వీకరించి 6,500 మందిని దక్కించినట్లు ఆయన లెక్క. ఆయనకు వైద్యపట్టము ఉన్నదనుటకు చరిత్రకారులకు ఆధారము దొరకలేదు. పసిబిడ్డలను సంతలో చూపుట అధర్మమని నాడే కొందఱు నిందించిరి. ఆ నింద అన్యాయమైనదని నేననను. కాని ధర్మనిష్ఠులైన ఆసుపత్రులు చేతులు ముడుచుకొన్న ఆ దినములలో ఆ శిశువులు బ్రతికినది సంతలోనే. వినోదమునకు వచ్చిన కాసు ప్రాణమునకు ఖర్చు కావచ్చునని, కావలెనని, ఆ కథ నాకు తోపింపజేసినది.

మన వనములలో ఆ కాసు ఎంత ఖర్చగుచున్నదో చూడవలెను. గుండె అకస్మాత్తుగా ఆగినవానికి నిమిషమునకు నూఱు నుండి నూటయిరువదిమాఱులు, రెండంగుళముల లోతున రొమ్ము నొక్కుచుండవలెను. ఏఈడీ అను యంత్రముతో విద్యుదాఘాతము నీయవలెను. ఏ సహాయమును అందనిచో గడచు ప్రతి నిమిషము బ్రతుకు అవకాశములో నూటికి 7 మొదలు 10 పాళ్లను హరించును. పదుల ఎకరముల వనమున ఒక కొన గదియు, మఱియొక కొన రోగియు ఉన్నచో నడుమ జనసముద్రమును దాటుటకు ఎన్ని నిమిషములో మీరే లెక్కింపుడు. నీటిజాఱుడుల గోపురము పైమెట్టుమీద స్పృహ తప్పినవానిని జాఱుడుబల్లమీదుగా పంపరాదు. నలుగురు కలిసి ఇఱుకుమెట్లవెంట బోర్డుపై కట్టి దింపవలెను. ఎక్కుచున్నవారందఱు దిగి దారి యీయవలెను. తడిసిన రొమ్ముపై యంత్రపు పట్టీలు అంటవు, ముందు తుడిచి ఆఱబెట్టవలెను. ఇట్టి చిన్న విషయమును సాధన చేసినవాడే ఆ క్షణమున స్మరించును. కావున యంత్రము గదిలోని బీరువాలో కాక నాలుగు చోట్ల నుండవలెను. తినుబండారములమ్మువాడును, టికెట్టు చింపువాడును రొమ్ము నొక్కుట నేర్చియుండవలెను. ఇది దుర్వ్యయమను యజమానులు ఒక్క కొండరైలు వెలలో ఇవి ఎన్నవ వంతో చూచుకొనవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది అధికారము. రైడు నిలుపుమనుటకు ఈఎంటీకి హక్కు కలదా? ఇతడు ఎక్కరాదని ఆమె చెప్పినచో ఆపరేటరు వినునా, లేక టికెట్టు కొన్న పెద్దమనిషి కోపమునకు జడిసిన మేనేజరు మాటయే చెల్లునా? జనులు బెదరుదురని రోగిని వెనుకదారిని తరలించుట న్యాయమే. కాని జనులు బెదరుదురని తరలింపునే ఆలస్యము చేయుట నేరము. రిజిస్టరులో వ్రాసిన ప్రతి గాయమును ఇంజనీరు వారమువారము చదువవలెను. ఒకే రైడునుండి ఒకే రీతి మెడనొప్పులు వచ్చుచున్నచో తప్పు మెడలది కాదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టమును చేసి, అత్యవసరవైద్య సాంకేతికులను గుర్తింపబడిన వృత్తులలో చేర్చినది. చట్టమున స్థానము దొరకినది. వనమున ఇంకను కాంట్రాక్టు జీతగాండ్రుగానే చాలమంది ఉన్నారు. పండుగ వచ్చినచో లోకమునకు సెలవు, వారికి రద్దీ; సంక్రాంతికి పిల్లలతో ఇంట నున్న ఈఎంటీని నేనింకను చూడలేదు. వారి వేతనమును గూర్చి వారు చెప్పినది వ్రాసి వారి కొలువునకు చేటు తేను. గాజుతలుపుల వెనుక మన ప్రాణములకు కాపున్నవారికి అది తగినది కాదని మాత్రము అందును.

చదువరులకు ఒక మాట. దసరాకో, వేసవికో పిల్లలతో ఈ వనములకు తప్పక పొండు. భయపడి నవ్వుట దేహమునకు మంచిదే. ఐతే ఉదయము ఏదైన తిని పొండు. జడను ముడివేసి, చున్నీని ఇంట విడిచి పొండు. తిరుగు చక్రములకు వాటిపై మక్కువ ఎక్కువ. నీటిలో పిల్లవాడు చేతికందు దూరమున ఉండవలెను, కంటికందు దూరము చాలదు. ఈఎంటీ అడిగిన ప్రశ్నకు, ప్రక్కన వియ్యంకుడున్నను, నిజము చెప్పుడు: బీపీ ఉన్నదా, మాత్ర వేసికొన్నారా, మద్యము పుచ్చుకొన్నారా, ఎన్నవ నెల. ఉబ్బసమునకు ఇన్‌హేలరో, గుండెకు మాత్రయో, చక్కెరకు గ్లూకోజు పొట్లమో వాడువారు దానిని బట్టలతో పాటు లాకరులో పెట్టి తాళము వేసికొని పోకుడు. లోనికి పోవునపుడే ఫస్ట్ ఎయిడ్ గది యెచ్చటనని అడిగి, అచ్చట ఇచ్చి, పేరు వ్రాయించి, పిదప రైడ్లకు పొండు.